ముదిరిన అండాశయ క్యాన్సర్: ముందు ఆపరేషనా, ముందు కీమోథెరపీయా, ఏది మేలు?

అండాశయ క్యాన్సర్ చాలామందిలో మూడో దశకో నాలుగో దశకో చేరాకే బయటపడుతుంది. కణితి నుంచి ఊడిన కణాలు పొట్టలోని ద్రవంతో కదులుతూ, పేగుల ముందు వేలాడే కొవ్వుపొర ఒమెంటం మీద, పేగుల పైపొర మీద, కాలేయానికి పైనున్న డయాఫ్రం మీద విత్తనాల్లా నాటుకుంటాయి. లింఫు దారులు మూసుకుపోయి పొట్టలో నీరు చేరుతుంది. ఆ ఉబ్బరాన్ని గ్యాస్ అనుకొని నెలలు గడిపేయడం ఎంతో బాధాకరం.

ఈ దశలో వైద్యం రెండు క్రమాల్లో సాగుతుంది: కంటికి కనిపించే గడ్డలన్నీ ముందే తీసేసి ఆరు విడతల కీమోథెరపీ మందులు (కార్బోప్లాటిన్, ప్యాక్లిటాక్సెల్) ఇవ్వడం ఒకటి, మూడు విడతల మందు తర్వాత ఆపరేషన్ చేసి మిగిలిన మందు ఇవ్వడం మరొకటి.

2010లో వెలువడిన యూరప్ అధ్యయనంలో మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం మంది రోగులు బతికి ఉన్న కాలం, ఆపరేషన్ ముందు చేసినవారిలో 29 నెలలు, కీమోథెరపీ ముందు ఇచ్చినవారిలో 30 నెలలు. 2015 నాటి కోరస్ అధ్యయనంలోనూ పెద్ద తేడా లేదు. కానీ ఆపరేషన్ తర్వాత 28 రోజుల్లోపు మరణాలు మొదటి పద్ధతిలో సుమారు 6 శాతం, రెండోదానిలో 1 శాతం లోపు. ఆ రెండు అధ్యయనాల ఆపరేషన్లలో చాలామందికి గడ్డలు పూర్తిగా తీయలేకపోయారన్న విమర్శ న్యాయమైనదే. అందుకే నైపుణ్యమున్న కేంద్రాల్లోనే జరిపిన ట్రస్ట్ అధ్యయన ఫలితాలను (2025) నేను ఎక్కువ లెక్కలోకి తీసుకుంటాను: మధ్యస్థ ఆయుష్షు ముందు ఆపరేషన్ చేసినవారిలో 54.3 నెలలు, ముందు కీమోథెరపీ ఇచ్చినవారిలో 48.3 నెలలు. మొగ్గు ఆపరేషన్ వైపే ఉన్నా, ఆయుష్షులోని ఆ తేడా గణాంకపరంగా రుజువు కాలేదు. వ్యాధి తిరగబెట్టేలోపు కాలం మాత్రం స్పష్టంగా పెరిగింది.

కాబట్టి రోగి బలంగా ఉండి, ఏమీ మిగల్చకుండా తీయగల సర్జన్ అందుబాటులో ఉంటే ముందు ఆపరేషనే మేలని నా అభిప్రాయం. చిన్నపేగులను పొట్ట వెనుక గోడకు పట్టి ఉంచే పొర మెసెంటరీ అంతా వ్యాధి అల్లుకున్నా, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినా, ఒళ్లు బాగా నీరసించినా, ముందు కీమోథెరపీయే క్షేమం. దానిని ఓటమిగా కుటుంబం భావించనక్కరలేదు.

ఏ క్రమమైనా, రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యులోపాన్ని వెతికే బీఆర్‌సీఏ పరీక్ష తప్పక అడగండి. ఆ జన్యులోపం ఉండి, కీమోథెరపీకి లొంగినవారికి ఓలాపరిబ్ మాత్రలిచ్చిన సోలో-1 అధ్యయనంలో ఏడేళ్ల నాటికి 67 శాతం మంది బతికి ఉండగా, మందులేని మాత్రలు తీసుకున్నవారిలో 46.5 శాతమే ఉన్నారు.