జీరో డిగ్రీ బ్యాగన్నాడు, పదికే వణికాం

డిసెంబరు రెండో వారంలో నేను, మా ఆవిడ, మా బావమరిది కూర్గ్ వెళ్లొచ్చాం. తడియండమోల్ ఎక్కాం, దిగాం. ఎండ బాగుంది, జలగలు లేవు, నాల్కనాడు ప్యాలెస్ ముందు ఫొటోలు దిగాం. 1,748 మీటర్ల కొండ గురించి నేను చెప్పేది ఇంతే. నా బాధంతా బెంగళూరులో అద్దెకు తెచ్చుకున్న మూడు స్లీపింగ్ బ్యాగుల గురించి, అంటే చలిలో దూరి పడుకునే దూది సంచుల గురించి.

కక్కబె దగ్గర హోమ్‌స్టేలో గదులు నిండిపోయాయి. కాఫీ తోటలో టెంట్లు ఉన్నాయన్నారు. మనిషికి 1,500, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ అందులోనే. స్లీపింగ్ బ్యాగులు మాత్రం మనవే తెచ్చుకోవాలి. ఎప్పుడో ఒకసారి వెళ్లేవాళ్లం కొనడమెందుకని, బీటీఎం లేఔట్‌లో ట్రెకింగ్ సామాన్లు అద్దెకిచ్చే షాపుకి వెళ్లాను. నా కన్నడం వినగానే అతను తెలుగులోకి దిగాడు. మదనపల్లె అట. "జీరో డిగ్రీ బ్యాగన్నా, కూర్గ్‌కి ఇదే ఎక్కువ" అన్నాడు. మనవాడే కదా అని బ్యాగు విప్పి కూడా చూడలేదు. నా మొదటి తప్పు అదే.

రోజుకు బ్యాగుకి వంద. శుక్రవారం సాయంత్రం ఏడింటికి తీసుకుంటే అదొక రోజు, సోమవారం పొద్దున తొమ్మిదికి ఇస్తే అదొక రోజు. అలా నాలుగు రోజులకు 1,200, డిపాజిట్ మరో మూడు వేలు. ఇంటికొచ్చి సూట్‌కేసులు తూచే కాటాకు తగిలిస్తే ఒక్కోటి కిలో ఆరువందల గ్రాములు. చుడితే నీళ్ల బిందెంత. నా బ్యాక్‌ప్యాక్‌లో సగం దానికే పోయింది. బావమరిది తనది బయట తాడుతో కట్టుకుని, శాటిలైట్ బస్టాండులో అందరికీ తగిలిస్తూ నడిచాడు.

రాత్రి పదింటిదాకా అంతా బాగానే ఉంది. హోమ్‌స్టే ఆంటీ కడంబుట్టు, పంది కూర పెట్టింది. కడంబుట్టు అంటే వినాయక చవితి ఉండ్రాళ్లే, నిమ్మకాయంత సైజువి. బియ్యం రవ్వతో చేసి ఆవిరి మీద ఉడికిస్తారు. కూరలో కాచంపులి అనే నల్లటి పులుసు పోస్తారు, మన చింతపండు పులుపులా నాలుకను పట్టదు, గొంతులోకి దిగాక తెలుస్తుంది. ఉండ్రాళ్లలో పంది కూర ఏంటని మా ఆవిడ మొహం చిట్లించుకుని, ఆరు తింది. ఈ భోజనానికే 1,500 ఇచ్చినా నాకు బాధలేదు.

పడుకున్నాక మొదలైంది. నా బ్యాగు జిప్పు మోకాలి దగ్గర గుడ్డను కొరుక్కుని ఆగిపోయింది. కిందకి రాదు, పైకి పోదు. టార్చి నోట్లో పెట్టుకుని, ఒక చేత్తో గుడ్డ పట్టుకుని, ఇంకో చేత్తో పావుగంట లాగాను. లోపల వేరేవాళ్ల చెమట, పైన ఆ వాసన కప్పడానికి కొట్టిన సెంటు. ఒంటిగంటకు మా ఆవిడ లేచి స్వెటర్ మీద జీన్స్ జాకెట్ వేసుకుంది. రెండింటికి పక్క టెంట్లోంచి "బావా, నిద్రపోయావా?" అని గొంతు. మూడింటికి మా ఊపిరి ఆవిరి టెంటు గుడ్డకు పట్టి నీళ్లయి కారుతోంది, నా కాళ్ల దగ్గర బ్యాగు తడిసిపోయింది. నాలుగింటికి ముగ్గురం బయటికొచ్చి ఆరిపోయిన నెగడు చుట్టూ కూర్చున్నాం. ఆంటీ కిటికీ తెరిచి "చళి ఆగ్తా ఇద్యా?" అని అడిగి, మూడు కంబళ్లు తెచ్చిచ్చింది. వరండాలో గోడకున్న థర్మామీటర్ చూశాను. పది డిగ్రీలు. జీరో కాదు, పది!

తెల్లారాక బ్యాగు తిరగేస్తే లోపలి కుట్టు దగ్గర చిన్న ట్యాగు కనపడింది. కంఫర్ట్ 15, లిమిట్ 11, ఎక్స్‌ట్రీమ్ 0. మదనపల్లె తమ్ముడు చెప్పిన జీరో ఆ మూడోదన్నమాట! వేడి చేసిన బొమ్మను బ్యాగులో పడుకోబెట్టి కొలిచే అంకెలివి. కంఫర్ట్ అంటే ఆడవాళ్లు మామూలుగా పడుకుని నిద్రపోగలిగే చలి. లిమిట్ అంటే మగవాడు ముడుచుకుని ఎలాగో రాత్రి గడపగలిగేది. ఎక్స్‌ట్రీమ్ దగ్గర నిద్ర సంగతి దేవుడెరుగు, ప్రాణం పోకుండా ఉంటే చాలన్న లెక్క. పైగా ఆ లెక్క కొత్త బ్యాగుకి. ఏళ్ల తరబడి కుక్కి కట్టిన బ్యాగులో పాలిస్టర్ దూది అణిగి దుప్పటిలా తయారవుతుంది, దానికి ట్యాగు వర్తించదు.

సోమవారం తిరిగిచ్చేటప్పుడు జిప్పు పాడుచేశామని అయిదువందలు, డ్రై క్లీనింగ్‌కని మూడువందలు డిపాజిట్‌లో పట్టుకున్నాడు. ట్యాగు చూపించి గట్టిగానే అడిగాను. "అన్నా, మిగతా కస్టమర్లెవరూ చెప్పలేదన్నా" అన్నాడు. సింథటిక్ బ్యాగును డ్రై క్లీనింగ్‌కు వేయకూడదని కూడా అతనికి తెలియదు. మొత్తం రెండు వేలు పోయాయి. దారి పొడుగునా మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడి ఉంటేనే నయం.

తర్వాతి ఆదివారం మారతహళ్లి వైపు ఒక పెద్ద షాపుకి వెళ్లాం. ఈసారి కొనడమే. ముందు డౌన్ బ్యాగులు చూపించారు. బాతు మెత్తటి నూగు ఈకలవి, గుప్పిట్లో నొక్కితే చెంబంత అవుతాయి. ధర పదకొండు వేల పైనే. హిమాలయాల పొడి చలికి అవి బాగుంటాయేమో, పశ్చిమ కనుమల మంచుకి మాత్రం నేను తీసుకోను. తడిస్తే ఈకలు ముద్దయిపోతాయి, వెచ్చదనం పోతుంది, ఆరడానికి ఒక రోజు చాలదు. సింథటిక్‌ది కాస్త బరువైనా, తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది, పిండకుండా నీళ్లు మెల్లగా ఒత్తేసి ఎండలో వేస్తే త్వరగా ఆరుతుంది. మన చలికాలపు కొండలకి అదే చాలు.

కంఫర్ట్ 5 రాసి ఉన్నవి రెండు తీసుకున్నాం. పది డిగ్రీల చోటికి వెళ్తే అయిదు తక్కువ చూసి కొనాలని నేను పెట్టుకున్న లెక్క. ఒక్కోటి కిలో రెండువందల యాభై గ్రాములు, 3,499 రూపాయలు. కాళ్ల దగ్గర సన్నగా ఉండే మమ్మీ ఆకారం, అందుకే బరువు తగ్గింది. జిప్పు వెనక లోపలివైపు పొడుగునా దూది గొట్టం కుట్టి ఉంది, చలిగాలి దూరకుండా. జిప్పుని పదిసార్లు లాగి చూశాను, సేల్స్ అబ్బాయి నవ్వుకున్నాడు. మా ఆవిడ షాపు నేల మీదే బ్యాగులో దూరి పడుకుని చూసింది. మీరూ అలాగే చూడండి, సిగ్గుపడితే మోకాళ్లు పట్టని బ్యాగు కొనుక్కొస్తారు. ఒకదానికి ఎడమ జిప్పు, ఇంకోదానికి కుడి జిప్పు తీసుకుంటే రెండూ కలిపేసుకోవచ్చని అబ్బాయి చెప్పాడు. "అక్కర్లేదు" అంది ఆవిడ, ఇంకా కోపం దిగలేదు.

బిల్లు దగ్గరికొచ్చాక వెనక్కి వెళ్లి ఫోమ్ మ్యాట్లు కూడా తీసుకున్నాను, ఒక్కోటి 699. వీపు కింద దూది మన బరువుకి నలిగిపోతుంది, అక్కడ చలి ఆపేది చాపే కానీ బ్యాగు కాదు. కూర్గ్‌లో మేం పడుకున్నది ఉత్త టార్పాలిన్ మీద. అద్దె షాపువాడిని ఎంత తిట్టినా, ఆ పాపంలో నాకూ వాటా ఉందని అప్పుడు ఒప్పుకున్నాను. మనసులోనే.

జనవరిలో బెంగళూరు హెచ్ఎస్ఆర్ లేఔట్‌లో మా అపార్టుమెంటు మేడ మీద పడుకుని పరీక్షించాను. ఫోన్ 16 డిగ్రీలు చూపించింది, అర్ధరాత్రికి చెమటలు పట్టి జిప్పు తీసేశాను. వాచ్‌మన్ టార్చి వేసి చూసి, ఇంట్లో గొడవైందా సార్ అని అడిగాడు. ఇప్పుడు రెండు బ్యాగులూ కుక్కి పెట్టకుండా, పాత దిండు గలీబుల్లో వదులుగా వేసి బీరువా పైన పెట్టాం.

బావమరిది మాత్రం కొనలేదు. నిన్న ఫోన్ చేసి, "బావా, వచ్చే వారం ఆఫీసువాళ్లతో చిక్కమగళూరు వెళ్తున్నా, నీ బ్యాగు ఇస్తావా?" అన్నాడు. రోజుకు వంద, శుక్రవారం సాయంత్రం తీసుకెళ్తే అదొక రోజు అని చెప్పాను.