హైదరాబాద్ సేటు దగ్గర రేడియం రోల్స్: రెండు ఎండకాలాల తర్వాత

హన్మకొండల నాది పది బై పన్నెండు రేడియం షాపు. రేడియం కత్తిరించే రెండు ఫీట్ల ప్లాటరు మిషన్ ఒకటి, టేబుల్ ఒకటి, నేను, నా దగ్గర పనిచేసే పిలగాడు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లే వస్తున్నయ్, నంబర్లు కొట్టే గిరాకీ అప్పుడే పడిపోయింది. 2024 మార్చిల టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు పాత బండ్లోళ్లు నలుగురైదుగురు వచ్చి మాకూ టీజీ కొట్టమన్నరు గాని, అది కొత్త రిజిస్ట్రేషన్లకే అని చెప్పి పంపిన. ఇప్పుడు బతుకంత షాపు అద్దాల మీద అక్షరాలు, ఆటో వెనుక పిల్లల పేర్లు, కార్లకు కాకతీయ తోరణం.

తోరణం తోనే రోల్ సంగతి తెలుస్తది. ఆ స్తంభాల మీది సన్న గీతలు కట్ చేసినంక చుట్టూ ఉన్న వేస్టు పీకుతం గద, నాసి సరుకైతే వేస్టుతోపాటు గీత కూడా లేచొస్తది. అందుకే ఏ రోల్ వచ్చినా నేను ముందు కొట్టేది రెండించుల తోరణం.

ఈ సేటు దగ్గర మొదటిసారి కొన్నది 2024 ఫిబ్రవరి మేడారం జాతరకు ముందు. పసుపు రంగు అయిపోయింది, ‘సమ్మక్క సారలమ్మ’ స్టిక్కర్ల కోసం ఆటోలోళ్లు నిలబడ్డరు. ఇక్కడ మీటర్ల లెక్కన కోసి ఇచ్చేటోళ్లు ఉన్నరు గాని మీటరు 110 చెప్పిండ్రు. దోస్తు ఒకాయన ఈ సేటు నంబరిచ్చిండు. పొద్దున 11కు వాట్సాప్ చేస్తే సాయంత్రం కార్గోల వేసిండు, తెల్లారి బస్టాండుకు పోయి తెచ్చుకున్న. 24 ఇంచుల రోల్ 3,100, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 3,658. బిల్లు అడగకుండనే పంపుతడు, అది నాకు నచ్చింది. రంగు మాత్రం ఫోన్ల ఫొటో చూసి చెప్పకండి. షేడ్ కార్డు తెప్పించుకొని నంబరు చెప్పండి. నేను ఫొటో చూసి మామిడిపండు పసుపు అనుకుంటే నిమ్మపండు పసుపు వచ్చింది.

సరుకు ఎట్లున్నదంటే, నలుపు తెలుపు మస్తున్నయ్. ములుగు రోడ్డు దిక్కు ఒక మెడికల్ షాపు అద్దానికి అప్పుడు అంటించిన నల్ల అక్షరాలు మొన్న పోయి గోటితోని గీకి చూసిన, అంచు లేవలేదు. అదే షాపు గోడ మీద పడమటి ఎండ తగిలే బోర్డు ఉన్నది, దాని మీది ఎరుపు మాత్రం రెండు ఎండకాలాలకే ఇటుక రంగుకొచ్చింది. అక్షరం చుట్టూ సన్నగ నల్ల గీత కూడా కనవడుతది. అది మనం వేసిన బార్డర్ కాదు. ఈ ధరల వచ్చేది వేడి రోలర్ల నడుమ నొక్కి సాగదీసి చేసే క్యాలెండర్డ్ రకం. సాగదీసింది ఎండ తగిలితే మళ్ల ముడుచుకుంటది, వెనుకనున్న గమ్ బయటపడి దుమ్ము పట్టుకుంటది. మన దగ్గర మే నెల ఎండకు ఇంకేముంటది. ‘కాస్ట్’ అని ఇంకో రకం ఉంటది, దాన్ని ప్లాస్టిక్ ద్రవం పోసి ఆరబెట్టి చేస్తరు, అది ఇట్ల ముడుచుకోదు గాని ధర చూస్తే మనమే ముడుచుకుంటం. అద్దాలకు ఈ సేటు సరుకు చాలు. బండి ట్యాంకుల వంపులకు వద్దు, నేను వేసి పీకిన.

ఇగ అసలు పంచాయితీ. ఎరుపు రోల్ అనుకున్నదానికంటే జల్దీ అయిపోతున్నట్టు అనిపించింది. పిలగాడు వేస్టు చేస్తున్నడని రెండుసార్లు తిట్టిన కూడా. తర్వాత ఇంకో ఎరుపు రోల్ వచ్చినప్పుడు సీల్ విప్పకముందే పక్క కిరాణా కాటా మీద పెట్టిన. 7 కిలోల 500. అయిపోయిన రోల్ అట్ట గొట్టం తూగితే 650 గ్రాములు. మీటరు ముక్క కోసి తూగితే 150. అట్ట తీసేసి భాగిస్తే 45 మీటర్ల మీద ముప్పావు కూడా లేదు. కాసేపు క్యాలిక్యులేటర్ పట్టుకొని కూసున్నంక అర్థమైంది, అది 50 గజాలు. రోల్ ఎంత పొడుగని ఎప్పుడడిగినా సేటు ‘పచాస్’ (యాభై) అంటడు, నేను మీటర్లనుకున్న. పచాస్ మీటర్లా గజాలా ఆయన చెప్పలే, నేను అడగలే. ప్లాటు కొనేటప్పుడైతే గజం గజం లెక్కపెడుతం, ఇక్కడ మాత్రం 73 పడుతదనుకున్న మీటరు 80 పడ్డది.

ఫోన్ చేస్తే సేటు మొదట ‘కంపెనీ ప్యాకింగ్ భాయ్’ అన్నడు. కాటా ఫొటోలు మూడు పెట్టిన. అరగంటకు ఫోన్ చేసి, ఎరుపు వేరే కంపెనీ నుంచి వస్తది, అది గజాల సరుకే అని ఒప్పుకున్నడు. తర్వాతి బిల్లుల 250 తగ్గించిండు. పాత రోల్ సంగతి ఎత్తితే మాత్రం నెట్‌వర్క్ పోయింది. అయినా నేను మారలే, ఎందుకంటే నలుపు, తెలుపు ఈ ధరకు ఇట్ల పీకుడు వచ్చేది నాకు ఇంకెక్కడ దొరకలే. ఎరుపు మాత్రం బంద్ చేసిన, క్యాలెండర్డ్‌లనే తక్కువ ముడుచుకునే పాలీమెరిక్ రకం వేరేకాడ తెచ్చుకుంటున్న.

ఇంకోటి, రోల్ రెండు చివర్లకు అట్ట బిళ్లలు పెట్టి పంపుమని గట్టిగ చెప్పండి. ఒకసారి చెప్పకపోతే అంచు నలిగి వచ్చింది, ప్లాటర్ల అడుగడుగుకు వంకర పోయింది, రెండు మీటర్లు పారేసిన.

పిలగానికి సారీ చెప్పలే గాని బిర్యానీ తినిపించిన. మొన్న శనివారం నల్ల రోల్ ఒకటి వచ్చింది. నేను చెప్పకముందే వాడే కిరాణా కాటా మీద పెట్టి అక్కడినుంచే కేకేసిండు: ‘అన్నా, ఎనిమిది కిలోల నూట యాభై!’