మధ్యలో తలదూర్చనని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? ద్వారకానగర్ క్లాసులో నేర్చుకున్నా

విశాఖ బీచ్ రోడ్డులో ఓ హోటల్ రిసెప్షన్‌లో పని నాది. పోయిన నెల ఇద్దరు గెస్టులు పార్కింగ్ దగ్గర గొడవపడి నన్ను తీర్పు చెప్పమన్నారు. ‘నేను మధ్యలోకి రానండి’ అనబోయి ‘ఐ డోంట్ కేర్’ అనేశాను. మీ గొడవ నాకు లెక్కే లేదన్నట్టు అయిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ద్వారకానగర్‌లో డైమండ్ పార్క్ దగ్గర సాయంత్రం ఇంగ్లీషు క్లాసులో చేరి మొదట ఇదే అడిగాను. మేడమ్ గంటసేపు ఓపిగ్గా చెప్పారు. ‘ఐడ్ రాదర్ నాట్ గెట్ ఇన్వాల్వ్‌డ్’ అంటే మర్యాదగా ఉంటుంది. ‘మైండ్ యువర్ ఓన్ బిజినెస్’ గెస్టుతో అననే కూడదు. ‘అన్‌ఇంటరెస్టెడ్’ అంటే ఆసక్తి లేకపోవడం, ‘డిస్‌ఇంటరెస్టెడ్’ అంటే సొంత లాభం చూసుకోకుండా నిష్పక్షపాతంగా ఉండటం. నా మనసుకు పట్టింది మాత్రం ‘అలూఫ్’. మనం అంటీముట్టనట్టు అంటామే, అది. నావికుల మాటట! గాలి ఒడ్డువైపు తోస్తుంటే ఓడ ముక్కును గాలికెదురు తిప్పి దూరంగా ఉంచమని వేసే కేక. మా నాన్న ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపేవారు, నాకు వెంటనే బోధపడింది.

బ్యాచ్‌కి 30 మంది మాత్రం ఎక్కువే. వెనక బెంచీలకు సరిగా వినపడదు, పది నిమిషాలు ముందే వెళ్లి కూర్చోండి.