ఆరేళ్లు వాడిన డిజిటల్ థర్మామీటరును ఎంతవరకు నమ్మవచ్చు?

అనంతపురంలోని మా ఇంటికి, తీగ చివర సెన్సరు ఉండే చిన్న డిజిటల్ థర్మామీటరును 2019 వేసవిలో కొన్నాను. ఎనభై దాటిన అమ్మ మధ్యాహ్నం ఏ గదిలో పడుకోవాలో, కూలరు ఎప్పుడు వేయాలో దానిని చూసే నిర్ణయిస్తాము కాబట్టి, అది తప్పు చూపితే మాకు చిన్న విషయం కాదు. పెట్టె మీద ఒక డిగ్రీ సెల్సియస్ అటూ ఇటూ తేడా ఉండవచ్చని రాసి ఉంది.

రెండేళ్ల తరువాత, ఎర్ర ద్రవం ఉండే గాజు థర్మామీటరును పక్కన పెడితే రెండింటికీ రెండు డిగ్రీలకు పైగా తేడా కనిపించింది. కరుగుతున్న ఐసు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి, ఏది నిజమో తేల్చడానికి మంచు పరీక్ష చేశాను. ఫిల్టరు నీళ్లతో గడ్డ కట్టించిన ఐసు ముక్కలను గుడ్డలో మూటకట్టి రోకలితో నలగ్గొట్టి, ఫ్లాస్కు నిండా వేసి, సందులు నిండేంత వరకే చల్లని ఫిల్టరు నీళ్లు పోయాలి. ఐసు పైన తేలి అడుగున నీళ్లే మిగిలితే పరీక్ష చెడినట్లే. అక్కడ నీరు సున్నా కంటే వెచ్చగా ఉంటుంది. మా బోరు నీళ్లలోని లవణాలు గడ్డకట్టే ఉష్ణోగ్రతను కొద్దిగా తగ్గిస్తాయి. ఆ తేడా స్వల్పమే అయినా, ఫిల్టరు నీళ్లు వాడితే ఆ అనుమానమే ఉండదు. సెన్సరు అడుగుకూ అంచుకూ తగలకుండా పట్టుకుని, కలుపుతూ, అంకె కదలకుండా నిలిచేదాకా ఆగాలి. డిజిటల్ 0.8 చూపింది. గాజుది 2 దాటింది. పరిశీలించి చూస్తే దాని గొట్టంలో ద్రవం ఒకచోట తెగి, పై ముక్క ఎత్తుగా నిలిచిపోయి ఉంది.

సున్నా దగ్గరి తేడాయే మన నలభై డిగ్రీల ఎండలోనూ ఉంటుందని చెప్పలేము. అందుకే గోరువెచ్చని నీళ్లలో సెన్సరును, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరును కలిపి ఉంచాను. రెండవది 38.4 చూపినప్పుడు మాది 39.1 చూపింది. పాదరసం ఉన్నదైతే నీళ్లు 42 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి, లేకపోతే గాజు పగలవచ్చు. మరిగే నీళ్ల పరీక్ష మా గది థర్మామీటరుకు పనికిరాదు, దాని హద్దు 70 డిగ్రీలే. వంటింటి థర్మామీటరును అలా పరీక్షించేవారు, సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉన్న మన ఊళ్లో నీరు దాదాపు 99 డిగ్రీలకే మరుగుతుందని గుర్తుంచుకోవాలి.

నాలుగవ ఏడు మంచులో తేడా 1.6కు పెరిగింది. సెన్సరు తొడుగు పగిలి లోపలికి తేమ చేరిందని తరువాత తెలిసింది. తేమ వల్ల విద్యుత్ నిరోధం తగ్గుతుంది, ఈ రకం సెన్సరులో నిరోధం తగ్గితే అంకె పెరుగుతుంది. తీగను మార్చాక మళ్లీ ఒక డిగ్రీలోపుకు వచ్చింది.

అయితే ఇవన్నీ కలిపినా, వేలాడదీసిన చోటు వల్ల జరిగిన పొరపాటు ముందు తక్కువే. పడమటి గోడకు ఆనించినప్పుడు సాయంత్రం హాలు నడుమ గాలి కంటే మూడు డిగ్రీలు ఎక్కువ చూపేది, ఎందుకంటే అది గోడ వేడిని చూపుతోంది. వాతావరణ కేంద్రాలు తెల్లరంగు వేసిన, గాలి ఆడే చెక్కపెట్టె నీడలో కొలుస్తాయి. ఇప్పుడు సెన్సరును అమ్మ మంచం ఎత్తున, గోడకు జానెడు దూరంలో వేలాడదీశాము. థర్మామీటరు వెనుక తీసివేయవలసిన అంకెను కాగితం మీద రాసి అతికించి, ప్రతి ఏడూ ఉగాదికి ముందు మంచు పరీక్ష చేసి దాన్ని మారుస్తున్నాను.