రాత్రికి అన్నమా, చపాతీనా, జొన్న రొట్టెనా? బరువు తగ్గాలంటే ఏది మేలు?

రాత్రి ఎనిమిదింటికి మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఏ ఫ్లోర్‌లో ఆగినా చపాతీ కాలుతున్న వాసనే. నా చిన్నప్పుడు మా వీధిలో అదే టైముకి చారు పోపు వాసన వచ్చేది. ఇప్పుడు షుగర్ వచ్చినవాళ్లు, వస్తుందేమోనని భయపడేవాళ్లు, పెళ్లి చూపులకి ముందు నాలుగు కిలోలు తగ్గాలనుకునే పిల్లలు, అందరిదీ ఒకటే మాట, "రాత్రిపూట రైస్ మానేశానండీ, ఓన్లీ చపాతీ". నేనూ మానేశా, రెండేళ్లు మానేశా. తగ్గిందెంతో తెలుసా, కిలోన్నర, అదీ సంక్రాంతి అరిసెలతో తిరిగొచ్చేసింది.

సరే అసలు ఎక్కడ తేడా కొడుతోందో చూద్దామని పోయినేడు ఒక చిన్న వంటింటి కాటా కొన్నా, గ్రాముల్లో చూపించేది. మా ఆయన నవ్వాడు, బంగారం కొట్టు పెడుతున్నావా అని. నాలుగు రోజులు అందరి కంచాలూ తూచా, నూనె సీసా కూడా వంటకి ముందొకసారి తర్వాతొకసారి తూచా. కేలరీలకి మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2017లో వేసిన పట్టికలు పెట్టుకున్నా. అందులో మొదటి షాకు ఏంటంటే తెల్ల బియ్యం 100 గ్రాములకి 356 కేలరీలు, గోధుమపిండి 320, జొన్నలు 334. అంతే. ఇంత హడావుడి చేసేది ఈ ముప్ఫై కేలరీల తేడాకా అనిపించింది.

ఇప్పుడు మా ఆయన ప్లేటు చూడండి. చపాతీకి 35 గ్రాముల పిండి, అంటే 112 కేలరీలు. ఎనిమిది చపాతీలు కాల్చేసరికి సీసాలో 40 గ్రాముల నూనె తగ్గింది, అంటే ఒక్కోదానికి 5 గ్రాములు, గ్రాముకి 9 చొప్పున ఇంకో 45. మొత్తం ఒక చపాతీ 157. ఆయన తినేవి నాలుగు, అక్కడికే 630. పక్కన ఆలూ కుర్మా, అందులో కొబ్బరి, జీడిపప్పు, అది నేను లెక్కే వేయలేదు, వేస్తే గొడవలవుతాయని. ఇంతటితో అయిపోయిందా, లేదు, చివర్లో "కొంచెం పెరుగన్నం పెట్టు, లేకపోతే తిన్నట్టు ఉండదు". ఆ కొంచెం తూస్తే 150 గ్రాముల అన్నం, బియ్యం ఉడికాక నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి అన్నానికి 100 గ్రాములకి 130 చొప్పున ఇంకో 195, పైన పెరుగు. మొత్తం 880 దాటింది. ఇదీ మా ఇంట్లో "ఓన్లీ చపాతీ" డిన్నర్.

మర్నాడు నేను మునుపటిలాగే అన్నం తిన్నా, కావాలనే, మొహమాటం లేకుండా. మొత్తం 410 గ్రాముల అన్నం, 530 కేలరీల చిల్లర. పప్పు, బెండకాయ కూర, చారు, పెరుగు అన్నీ కలిపినా ఆ చపాతీల భోజనం దాటలేదు. అంటే రెండేళ్లు నేను అన్నం మానేసి త్యాగం చేశాననుకుంటున్నా కానీ ఎక్కువే తిన్నానన్నమాట.

అలాగని అన్నమే బెస్టు అని చెప్పట్లేదు, ఆగండి. ఆ 410 గ్రాములు ఎలా వచ్చాయో కూడా రాసుకున్నా. పప్పులోకి 160, చారులోకి 120, పెరుగులోకి 130. మన భోజనంలో అసలు కథ ఇక్కడుంది. మనం అన్నం ఒకసారి తినం, వాయిదాల్లో తింటాం. పప్పుకొకసారి, పులుసుకొకసారి, చారుకొకసారి, పెరుగుకొకసారి, మధ్యలో కొత్తావకాయ ఉంటే అదొక స్పెషల్ రౌండు. ప్రతి రౌండుకీ మారు అన్నం కావాలి, చారు మిగిలితే అన్నం వేసుకుంటాం, అన్నం మిగిలితే చారు పోసుకుంటాం, ఈ రెండూ ఒకేసారి అయిపోవడం నేనైతే ఎప్పుడూ చూళ్లేదు. చపాతీకి ఈ గోల లేదు, ఒక కూర, మూడు చపాతీలు, లెక్క తెలుస్తుంది. చపాతీ తిని నిజంగా తగ్గినవాళ్లు ఎవరన్నా ఉంటే గోధుమ గొప్పతనం వల్ల కాదు, రౌండ్లు పోవడం వల్ల తగ్గారు అని నా గట్టి నమ్మకం. కాబట్టి చపాతీ తిని చివర్లో పెరుగన్నం తినేవాళ్లు రెండు వైపులా నష్టపోతున్నట్టే.

చపాతీయే కావాలనుకుంటే పుల్కాకి మారండి. 30 గ్రాముల పిండి, నూనె చుక్క లేకుండా మంట మీద పొంగించేది, ఒకటి 96 కేలరీలు. మూడు పుల్కాలు తిన్నా 290 లోపే. ఇంట్లో వాళ్లు ఎండిపోయినట్టుంది అంటారు, పిండి కొంచెం మెత్తగా కలిపి అరగంట నానిస్తే ఆ మాట రాదు. ఇంకోటి, మల్టీగ్రెయిన్ అని డబ్బులెక్కువ పెట్టి కొనే పిండి ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదవండి, చాలావాటిలో తొంభై శాతం దాకా గోధుమే ఉంటుంది, మిగతా గింజలన్నీ కలిపి ఆ పది శాతంలో సర్దుకుంటాయి.

ఇక జొన్న రొట్టె. మా అత్తగారిది కర్నూలు వైపు, ఆవిడ చిన్నప్పుడు వరన్నం అంటే పండగకో పెళ్లికో. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చాకే తమ ఇంట్లో రోజూ వరన్నం ఉడికిందని చెప్తారు, ఆకలి తీరిందమ్మా అని చేతులెత్తి దణ్ణం పెడతారు కూడా. నేను రొట్టెలు నేర్పమంటే ఒకటే నవ్వు. "మేం పేదోళ్లమని తింటాంటిమి, మీరు డాక్టరు చెప్పినాడని తింటాండారు."

నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, అందుకే నీళ్లు బాగా మరగాలి, ఆ వేడినీళ్లు పోసి కలిపి చేత్తో గట్టిగా మర్దించాలి, అదీ ఒక్క రొట్టెకి సరిపడా ముద్ద అప్పటికప్పుడు. పీట మీద పొడిపిండి చల్లి అరచేత్తో తడుతూ తిప్పుతూ ఉంటే అంచు విరగకుండా వెడల్పవ్వాలి, నాకు మొదటి వారం అన్నీ ఇండియా మ్యాపులే. పిండి పట్టించి ఎక్కువ రోజులైతే అస్సలు రాదు, పగుళ్లు ఇచ్చేస్తుంది, ఇది తెలీక చాలామంది మాకు రాదులే అని వదిలేస్తారు. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆ తడి ఆరగానే తిరగెయ్యాలి. నూనె అవసరమే లేదు, జొన్న రొట్టె గెలిచేది ఇక్కడే.

రొట్టెకి 65 గ్రాముల పిండి పడుతుంది, అంటే 217 కేలరీలు. ఒకటే చూస్తే చపాతీ కంటే ఎక్కువ, ఒప్పుకుంటా. కానీ రెండో రొట్టె సగానికి వచ్చేసరికి దవడలు చాలంటాయి. బాగా నమలాలి, నెమ్మదిగా తింటాం, పీచు 100 గ్రాములకి 10 గ్రాముల దాకా ఉంటుంది, తెల్ల బియ్యంలో 3 కూడా ఉండదు. నేను రొట్టె తిన్న రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు తీయను, చపాతీ రోజుల్లో తీసేదాన్ని. అయితే పక్కన ఏం పెట్టుకుంటున్నారో చూసుకోవాలి, చెనిక్కాయల చట్నీ కప్పుడు తింటే నూనె మిగిల్చిందంతా అక్కడ పోతుంది. ఆకుకూర పప్పు, గుత్తి కాకుండా మామూలు వంకాయ కూర, ఉల్లిపాయ, ఇవి చాలు. చేసుకునే ఓపిక లేకపోతే హైదరాబాద్‌లో సాయంత్రం అయితే సందు సందుకీ కట్టెల పొయ్యో గ్యాస్ పొయ్యో పెట్టుకుని రొట్టెలు చేసే ఆడవాళ్లు ఉన్నారు, మా సందు చివరి ఆవిడ దగ్గర ఒక్కోటి ఇరవై, వేడివేడిగా కాగితంలో చుట్టిస్తుంది.

కొర్రలు, సామలు, అరికెల సంగతి అడుగుతారని తెలుసు. మంచివే, పీచు ఉంటుంది, నేనూ వారానికోసారి కొర్రన్నం వండుతా. కానీ కొర్రలు కూడా 100 గ్రాములకి 330 కేలరీల పైనే, సిరిధాన్యం కదా అని కుంభం తింటే బియ్యం తిన్నట్టే. ఓట్సు ఇంకా ఎక్కువ, 380 దాకా. మసాలా ఓట్సు తిని పది నిమిషాలకి బిస్కెట్లు వెతుక్కునేవాళ్లని చూశా, అందులో నేనూ ఒకదాన్ని, అంతకు మించి చెప్పడానికి ఏం లేదు.

ఇంకో ప్రశ్న, తెలంగాణ సోనా, అదే ఆర్.ఎన్.ఆర్. 15048 బియ్యం. షుగర్ ఫ్రీ రైస్ అని బోర్డులు పెట్టి అమ్ముతున్నారు. షుగర్ ఫ్రీ బియ్యం అంటూ ఏదీ ఉండదు. దీని గ్లైసీమిక్ ఇండెక్స్ 51 చిల్లర, అంటే రక్తంలో చక్కెర మామూలు సన్నబియ్యం కంటే నిదానంగా పెరుగుతుంది, షుగర్ ఉన్నవాళ్లకి అది మంచిదే. బరువు తగ్గడానికి మాత్రం గిన్నెడు గిన్నెడే. గంజి వారిస్తే కేలరీలు పోతాయా అంటే కొంచెం పిండి పోతుంది నిజమే, దాంతోపాటు బి విటమిన్లూ పోతాయి, ఆ పోయిన కొంచెం మీద ఆశ పెట్టుకుని ఇంకో గరిటె వేసుకోకండి.

మరి నేను చివరికి ఏం చేస్తున్నానంటే, వారంలో మూడు రాత్రులు జొన్న రొట్టె, నాలుగు రాత్రులు అన్నమే. మీరు చదివింది కరెక్టే, అన్నం. నాకు అన్నం పూర్తిగా మానేస్తే పదో రోజుకి పిచ్చెక్కుతుంది, పదకొండో రోజు పులిహోర చేసుకుని గిన్నె ఖాళీ చేస్తా, నా గురించి నాకు తెలిసిపోయింది. కాకపోతే రౌండ్లు పోయాయి. ఒక పాత స్టీలు గిన్నె ఉంది, నిండా నొక్కకుండా పెడితే 150 గ్రాముల అన్నం పడుతుంది. అది కంచంలో బోర్లిస్తా, హోటల్లో పులావు పెట్టినట్టు. అన్నం గిన్నె టేబుల్ మీదకి రాదు, వంటింట్లోనే ఉంటుంది, లేచి వెళ్లాలంటే బద్ధకం కదా, ఆ బద్ధకమే నన్ను కాపాడుతోంది. మా అత్తయ్య చూసి "ఏమ్మా, ఇది పిల్లోడికి ఉగ్గు పెట్టిన గిన్నె కదా" అన్నారు. అవునత్తయ్యా, అదే.

ఆ 150 గ్రాముల చుట్టూ మిగతావి పెరిగాయి. పప్పు పల్చగా కాదు, గట్టిగా, ఒక కప్పు. కూర అన్నం కంటే ఎక్కువ కనపడాలి, 200 గ్రాములు, నూనె మనిషికి ఒక టీస్పూను. పప్పు లేని రోజు రెండు గుడ్లు. పెరుగు అన్నంలో కలపను, మజ్జిగ చేసి తాగేస్తా, ఇది అలవాటవడమే అన్నిటికంటే కష్టమైంది, నిజం చెప్తున్నా, మూడు వారాలు ఏదో పోగొట్టుకున్నట్టే ఉంది. మొత్తం భోజనం 500 కేలరీల దగ్గర ఆగుతుంది. 2024లో పోషకాహార సంస్థ వాళ్లు ఇచ్చిన సూచనల్లో కూడా 2000 కేలరీలు తినే మనిషికి రోజుకి ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400, పప్పులో గుడ్లో మాంసమో కలిపి 85 అని ఉంది. మన ఇళ్లలో కూరగాయలకీ బియ్యానికీ ఈ లెక్క సరిగ్గా తిరగబడి ఉంటుంది, ఎవరి ఇంట్లో వాళ్లు ఒక్క రోజు తూచుకుంటే తెలిసిపోతుంది.

ఎనిమిది నెలల్లో 73 నుంచి 67కి వచ్చా. నెలకి ముప్పావు కిలో. వారానికి అరకిలో వరకు తగ్గడం సేఫ్ అంటారు, నేను అంత కూడా తగ్గలేదు, రెండు నెలలు అసలు ముల్లు కదల్లేదు. పొద్దున అరగంట నడక ఉంది కానీ దాని మీద మరీ భారం వేయకండి, అరగంట నడకతో కరిగేది మా ఆయన చపాతీ ఒకటికి అటూ ఇటూగా ఉంటుంది. చుట్టుకొలత కూడా చూసుకోండి, మనవాళ్లకి ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే జాగ్రత్త పడమంటారు, నాది 91 ఉండేది, ఇప్పుడు 84.

ఒక్క విషయం మాత్రం సీరియస్‌గా. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు రాత్రి అన్నం ఉన్నట్టుండి సగం చేసేయొద్దు. మా ఎదురింటి ఆంటీ అలాగే చేసి రాత్రి రెండింటికి చెమటలు పట్టి వణికిపోయారు, చక్కెర నీళ్లు తాగించాక తేరుకున్నారు. ముందు డాక్టర్‌తో మాట్లాడండి, తిండి తగ్గినప్పుడు డోసు కూడా మార్చాల్సి రావచ్చు.

కాబట్టి రొట్టె చేసుకునే ఓపికో కొనుక్కునే వీలో ఉంటే నా ఓటు జొన్న రొట్టెకి. హాస్టల్లోనో మెస్‌లోనో ఉంటే నూనె లేని పుల్కా అడగండి, పెరుగన్నం జోలికి పోకండి. అన్నం లేకుండా నిద్ర పట్టని మనిషైతే అన్నమే తినండి, కానీ ఒక్కసారే వడ్డించుకోండి. నూనె చపాతీ నాలుగు ప్లస్ పెరుగన్నం, ఇది మాత్రం నా లిస్టులో ఆఖరు, మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు. మొన్న నేను చూడట్లేదనుకుని కాటా మీద తన పెరుగన్నం గిన్నె పెట్టి చూసుకుంటున్నాడు, నేను వంటింట్లోకి రాగానే స్విచ్ ఆపేశాడు.