పదేళ్ళ గీత దాటడానికి బ్రిటన్‌కి కట్టాలా, ఆ డబ్బు ఇక్కడే దాచాలా?

మా అప్ప బ్రిటన్‌లో ఒక కేర్ హోమ్‌లో ఎనిమిదేళ్ళు పనిచేసి, 2023 వేసవిలో విజయనగరం వచ్చేసింది. వచ్చిన రెండు నెలలకే ఇక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో చేరింది. అక్కడ ఉన్నన్నాళ్ళూ జీతంలో నేషనల్ ఇన్సూరెన్స్ కోత, అంటే అక్కడి ప్రభుత్వ పింఛనుకి లెక్కలోకి వచ్చే చందా, పడుతూనే ఉండేది. ఆ డబ్బు గురించి ఇంట్లో ఎవరం ఆలోచించలేదు. పోయిన శీతాకాలంలో ఒకరోజు ఫోన్‌లో తన రికార్డు తెరిచి నా చేతిలో పెట్టింది. ఎనిమిదేళ్ళు నిండుగా ఉన్నాయి. తర్వాతి ఏళ్ళన్నీ ఖాళీ.

ఎనిమిదేళ్ళు ఉంటే ఎనిమిదేళ్ళకి తగ్గ పింఛను వస్తుందనుకున్నాం. రాదు. అక్కడి కొత్త స్టేట్ పెన్షన్‌కి కనీసం పదేళ్ళు ఉండాలి. తొమ్మిదేళ్ళున్నా సున్నాయే. పూర్తి పింఛనుకి 35 ఏళ్ళు కావాలి. ఇక్కడ మనం పీఎఫ్ కట్టిన ఏళ్ళు ఆ పదిలో కలవవు. అయితే దేశం విడిచి వచ్చాక కూడా ఖాళీ ఏళ్ళకి స్వచ్ఛందంగా కట్టుకునే వీలుంది, మామూలుగా వెనక్కి ఆరేళ్ళ వరకు.

2026 ఏప్రిల్ దాకా ఇలా కట్టడానికి రెండు తరగతులుండేవి. అక్కడ పని మానగానే వచ్చేసి, ఇక్కడ కూడా ఉద్యోగమో సొంత పనో చేస్తుంటే క్లాస్ 2. 2025-26లో అది వారానికి 3.50 పౌండ్లు, అంటే ఏడాదికి 182. ఇక్కడ పనిలో లేకపోతే క్లాస్ 3. వారానికి 17.75, ఏడాదికి 923. రెండింటితో వచ్చే పింఛను ఒకటే, ధరలో తేడా మాత్రం ఐదు రెట్లు. అప్ప నర్సింగ్ హోమ్ ఉద్యోగం విలువ ఆ రోజు తెలిసింది మాకు.

లెక్క వేశాం. ఖాళీగా ఉన్న మూడేళ్ళూ క్లాస్ 2లో కడితే సుమారు 540 పౌండ్లు. పౌండు 120 రూపాయలని వేసుకుంటే 65 వేలు. అప్పుడు పదకొండేళ్ళవుతాయి. 2025-26లో పూర్తి పింఛను వారానికి 230.25 పౌండ్లు కాబట్టి, అందులో 35కి 11 వంతులంటే వారానికి 72 పైచిలుకు. ఏడాదికి దాదాపు నాలుగున్నర లక్షల రూపాయలు. అదే 65 వేలని ఏడు శాతానికి ఇక్కడ బ్యాంకులో వేసి 24 ఏళ్ళు ముట్టుకోకపోతే మూడు లక్షల ముప్పై వేలవుతుంది. దాని మీద ఏడాదికి వచ్చే వడ్డీ 23 వేలు. ఇంక పోలికేముంది?

మా బావ మాత్రం ఒప్పుకోలేదు. "ఆ డబ్బుతో భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర స్థలం కొంటే పోదా?" అన్నాడు. 65 వేలకి అక్కడ తులసికోట కట్టుకునేంత చోటు వస్తే గొప్పే. అటల్ పెన్షన్ యోజన అని ఇంకెవరో అన్నారు. దాంట్లో నలభై దాటినవాళ్ళని చేర్చుకోరు, అప్పకి 44.

అమ్మ అడిగిందే అసలు ప్రశ్న. తనకి ఎన్టీఆర్ భరోసా నాలుగు వేలు ఒకటో తారీఖున గుమ్మంలోకి వస్తుంది. "నీది ఎప్పుడొస్తాదే?" అంది. అరవై ఎనిమిదికి! ఇప్పటి చట్టం ప్రకారం అప్ప వయసు వాళ్ళకి అక్కడి పింఛను వయసు అది. పైగా ఇంకో మెలిక ఉంది. బ్రిటన్‌లో ఉండేవాళ్ళకి పింఛను ఏటా పెరుగుతుంది. ఇండియాలో ఉండి తీసుకుంటే, మొదటిసారి అందుకున్న రోజు ఎంతో చివరిదాకా అంతే. 68లో ఘనంగా కనిపించినది 85లో మందుల ఖర్చుకి సరిపోతుందో లేదో. మనిషి పోతే దాదాపు దాంతో సరి, పిల్లలకి మిగిలే అసలంటూ ఉండదు.

అందుకే పదేళ్ళు దాటాక నా లెక్క మారిపోతుంది. క్లాస్ 2 పోయింది కాబట్టి ఆపైన ఒక్కో ఏడాదీ క్లాస్ 3లో కొనాలంటే 2025-26 రేటులో లక్షా పది వేలు, దానికి వచ్చేది ఏడాదికి 41 వేలు. అదే లక్షా పది వేలు 24 ఏళ్ళు బ్యాంకులో ఉంటే ఐదున్నర లక్షలు దాటి, వడ్డీయే 39 వేలిస్తుంది, అసలు పిల్లలకి ఉంటుంది. అప్పకి 68 వచ్చేలోగా అక్కడి రేటు పెరుగుతుంది, కాబట్టి అంకెలో పింఛనే పైన ఉండొచ్చు. అయినా నేనైతే ఆ డబ్బు మన నేషనల్ పెన్షన్ సిస్టమ్ (ఎన్‌పీఎస్)లో పెట్టమంటాను. అరవై నిండాక కొంత చేతికొస్తుంది, మిగతాది నెలనెలా వస్తుంది, మధ్యలో ఏమైనా అయితే నామినీ ఉంటాడు. అరవై దాటి, ఒంట్లో బాగుండి, పింఛను నాలుగైదేళ్ళలో మొదలయ్యేవాళ్ళకైతే క్లాస్ 3 కూడా మంచి బేరమే. పింఛను మొదలయ్యాక మూడేళ్ళలోపే పెట్టిన డబ్బు తిరిగొచ్చేస్తుంది.

అక్కడ నాలుగేళ్ళే చేసి నిన్నమొన్న తిరిగొచ్చిన కుర్రాళ్ళు మాత్రం తొందరపడొద్దు. పదికి చేరలేనప్పుడు మధ్యలో కట్టినది గోదాట్లో పోసినట్టే. పైగా 2026 ఏప్రిల్ 6 నుంచి విదేశాల్లో గడిపే కాలానికి క్లాస్ 2 తీసేశారు. క్లాస్ 3కి కొత్తగా అడిగేవాళ్ళకి అక్కడ పదేళ్ళ నివాసమో, పదేళ్ళ చందాయో చూపమంటున్నారు.

అప్ప గడువుకి ముందే దరఖాస్తు పంపింది. జవాబు వచ్చాక డబ్బు పంపడానికి ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. కౌంటర్‌లో ఆవిడ "ఇది ఫీజా, ట్యాక్సా, ఇన్సూరెన్సా?" అని మూడుసార్లు అడిగింది. మాకూ సరిగా చెప్పడం రాలేదు. ఫారంలో పద్దెనిమిది అంకెల రిఫరెన్స్ నంబరు రాయాలి. మొదటిసారి పదిహేడే పడ్డాయి. రెండోసారి అప్ప మూడేసి అంకెలుగా చదివింది, నేను రాశాను, ఆవిడ వేలు పెట్టి లెక్కపెట్టింది.

మొన్న రాత్రి డ్యూటీ నుంచి అప్ప ఒక స్క్రీన్‌షాట్ పంపింది. ఖాళీగా ఉన్న మూడేళ్ళూ నిండినట్టు చూపిస్తోంది. కింద ఒక్క ముక్క రాసింది: "మీ బావకి చూపించు."