స్టాలిన్ బూట్లు, పిల్లల రైలు: బుడాపెస్ట్‌లో దేనికి ఎంత సమయం ఇవ్వాలి?

హంగరీ రాజధాని బుడాపెస్ట్ చూసొచ్చినవాళ్లని, కమ్యూనిస్టు కాలపు విగ్రహాలు పెట్టిన మెమెంటో పార్క్ ఎలా ఉందని అడిగితే సగం మంది మొహం చిట్లిస్తారు. "అంత దూరం పోతే ఏముందండీ, నాలుగు బొమ్మలూ ఓ గోడానూ!" తప్పు పార్కుది కాదు, "కమ్యూనిస్టు థీమ్ పార్క్" అని ఊరించి అమ్మేవాళ్లది. ఆ మాట విని పిల్లల్ని వెంటేసుకుని వెళ్తే జెయింట్ వీల్ ఉండదు, బొమ్మరైలు ఉండదు, జులైలో నిలబడటానికి చెట్టు నీడ కూడా ఉండదు. ఆ ఊళ్లో కమ్యూనిస్టు కాలం వదిలిపోయిన వినోదం నిజంగా కావాలంటే అది ఇంకోచోట ఉంది, కొండ మీద. దాని సంగతి తర్వాత.

ముందు పార్కు ఏమిటో తెలుసుకుని వెళ్లాలి. 1989లో కమ్యూనిస్టు పాలన పోయాక, కూడళ్లలో నిలబడ్డ లెనిన్లనీ సోవియట్ సైనికుల్నీ ఏం చెయ్యాలన్న తగువు వచ్చింది. పగలగొట్టకుండా, పూజించకుండా ఊరి చివర ఒకచోట పెట్టాలని నగర పాలకులు తేల్చారు. ఆకోష్ ఎలెయోద్ అనే ఆర్కిటెక్ట్ గీసిన నమూనా ప్రకారం 1993లో పార్కు తెరిచారు. మన విజయవాడ లెనిన్ సెంటర్లో లెనిన్ ఆటోల మధ్య దర్జాగా నిలబడే ఉన్నాడు. ఇక్కడి లెనిన్‌కి మాత్రం ఇటుక గోడ ముఖద్వారం దగ్గర కాపలా డ్యూటీ పడింది. గేటుకి ఎడమవైపు ఆయన, కుడివైపు మార్క్స్, ఎంగెల్స్. మధ్యలో ఉన్న పెద్ద గేటు తెరవరు. పక్క తలుపులోంచే లోపలికి పోవాలి. అదీ నమూనాలో భాగమే, టిక్కెట్ల వాళ్ల బద్ధకం కాదు.

వెళ్లడం సులువే. మెట్రో నాలుగో లైన్ చివరి స్టేషన్ కెలెన్‌ఫ్యోల్డ్‌లో దిగి, పైన 101బి, 101ఇ, 150 నంబర్లలో ఆ రోజు నడిచే బస్సు ఎక్కాలి. స్టాపు పేరే మెమెంటో పార్క్. 150 వీధులన్నీ చుట్టుకుంటూ వెళ్తుంది కాబట్టి 101లో ఏదైనా ఉంటే అదే నయం. వారాంతంలో బస్సులు తక్కువ. తిరుగు బస్సు సమయం స్టాపు దగ్గర దిగగానే ఫోటో తీసుకోకపోతే హైవే పక్కన ఎండలో నిలబడి ఒకరినొకరు తిట్టుకోవాల్సి వస్తుంది. అక్కడ టాక్సీలు కాచుకుని ఉండవు, యాప్‌లో పిలవాల్సిందే.

మెట్రో, బస్సు ఖర్చు లెక్క చూద్దాం. ఇవి 2023 ధరలు, ఇప్పుడు కాస్త ఎక్కువ ఉంటాయి. ఒక టిక్కెట్టు 450 ఫోరింట్లు, అదే బస్సు డ్రైవర్ దగ్గర కొంటే 600. మెట్రో నుంచి బస్సుకి మారితే మామూలు టిక్కెట్టు చెల్లదు, ఇంకోటి వాడాలి. అంటే మనిషికి రానూపోనూ నాలుగు టిక్కెట్లు, 1,800. ఐదుగురికి 9,000. ఐదుగురి దాకా కలిసి తిరిగే 24 గంటల గ్రూప్ కార్డు మాత్రం 5,000. దానికున్న షరతు ఒక్కటే, ఐదుగురూ ఎప్పుడూ కలిసే ప్రయాణించాలి. అలిగి వేరే బస్సెక్కినవాళ్లకి అది వర్తించదు. కాగితం టిక్కెట్టు కొన్నంత మాత్రాన సరిపోదు. మెట్రో స్టేషన్లోకి దిగే ముందు, బస్సులో ఎక్కగానే మిషన్లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మన అలవాటు ప్రకారం "టిక్కెట్టు చేతిలోనే ఉందిగా" అంటే తనిఖీవాళ్లు వినరు. ఎక్కువగా జరిమానాలు పడేది ఇక్కడే.

లోపల ఉన్నవి నలభై పైచిలుకు విగ్రహాలు. పలకల మీద పేరూ శిల్పీ సంవత్సరమూ తప్ప కథ ఉండదు. అందుకే చదవకుండా వెళ్లినవాళ్లకి అరగంటలో విసుగొస్తుంది. గేటు దగ్గర అమ్మే చిన్న గైడ్ పుస్తకం కొనండి. ఆ డబ్బు మిగుల్చుకుని లోపల అయోమయంగా తిరగడం తెలివితక్కువ. పుస్తకంతో గంటన్నర పడుతుంది.

ఆగి చూడాల్సినవి మూడు. మొదటిది, 1919లో హంగరీలో కొన్నాళ్లు నడిచిన సోవియట్ రిపబ్లిక్ (కమ్యూనిస్టు ప్రభుత్వం) స్మారకం. జెండాలా గుడ్డ పట్టుకుని, నోరు తెరిచి, పొలికేక పెడుతూ పరిగెత్తే నావికుడు. అప్పటి ఒక పోస్టర్‌ని 1969లో ఇష్త్వాన్ కిష్ కంచులో పోశాడు. బుడాపెస్ట్ జనం దానికి పెట్టిన అర్థం వేరు: హోటల్లో వచ్చినవాళ్ల చలికోట్లు భద్రపరిచే కుర్రాడు "అయ్యా, మీ మఫ్లర్ మర్చిపోయారు!" అంటూ వెంటపడుతున్నాడట. ఆ జోకు విన్నాక ఆ నావికుణ్ణి ఇంకోలా చూడలేం. చెయ్యి చాచిన తీరు కూడా సరిగ్గా అలాగే ఉంటుంది.

రెండోది, 1986లో ఇమ్రె వర్గ చేసిన బేలా కున్ స్మారకం. రేకుల్ని కత్తిరించి నిలబెట్టినట్టుండే సైనికుల గుంపు, పక్కన ఓ వీధి దీపస్తంభం, దాని దగ్గర కున్. ఆ కున్ 1919 విప్లవ నాయకుడు. మాస్కోలో తలదాచుకున్న అతన్ని 1938లో చంపించింది ఏ శత్రువో కాదు, స్టాలిన్ యంత్రాంగమే. ఇది తెలిసి చూస్తే ఆ దీపస్తంభం ఉరికొయ్యలా కనిపిస్తుంది.

మూడోది గేటు ఎదురుగా ఉండే బూట్లు. ఊళ్లో 8 మీటర్ల కంచు స్టాలిన్ విగ్రహం 1951లో వెలిసింది. సోవియట్ పెత్తనం మీద తిరుగుబాటు మొదలైన 1956 అక్టోబర్ 23 రాత్రి జనం తాళ్లు కట్టి లాగారు, అది కదల్లేదు. గ్యాస్ కటర్లతో మోకాళ్ల దగ్గర కోస్తే పడింది. పీఠం మీద బూట్లు మాత్రమే మిగిలాయి. ఆ చౌరస్తాని కొన్నాళ్లు "బూట్ల చౌరస్తా" అన్నారు. ఇక్కడ ఉన్నవి నకలు, నాయకులు నిలబడి చెయ్యూపే వేదికతో సహా తర్వాతి రోజుల్లో కట్టారు. అసలువే అనుకుని మురిసిపోతూ ఫోటోలు దిగేవాళ్లు చాలామంది. నకలైనా ఆ ఖాళీ బూట్ల కింద నిలబడితే విగ్రహం ఎంత ఎత్తు ఉండేదో మెడ నొప్పి పుట్టేలా తెలుస్తుంది.

పక్కన రేకుల షెడ్డులో రహస్య పోలీసులు తమ సిబ్బందికి శిక్షణ కోసం తీసిన రీళ్లలోంచి కూర్చిన సినిమా నడుస్తుంటుంది. హ్యాండ్‌బ్యాగులో కెమెరా ఎలా దాచాలి, ఇల్లు ఎలా సోదా చెయ్యాలి వగైరా. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి. ఎండ దెబ్బకి చాలామంది ఇక్కడే కూలబడతారు. పార్కులో నాకు నచ్చినది కూడా ఇదే, బొమ్మలకంటే. తూర్పు జర్మనీలో తయారైన ట్రబాంట్ కారు ఒకటి కూడా ఉంటుంది. పత్తి వ్యర్థాలూ రెసిన్ కలిపి అచ్చుపోసిన బాడీ. 601 మోడల్ కార్లలో చాలావాటికి పెట్రోలు ముల్లు కూడా ఉండేది కాదు, టాంకులోకి పుల్ల ముంచి చూసుకునేవారు.

అండ్రాషి వీధి 60వ నంబర్లో టెర్రర్ హౌస్ మ్యూజియం గురించి క్లుప్తంగా. 1944లో ఫాసిస్టుల కార్యాలయం, ఆ తర్వాత కమ్యూనిస్టు రహస్య పోలీసులది, 2002లో మ్యూజియం అయింది. చాలా మెల్లగా కిందికి దిగే గాజు లిఫ్టులో ఒక ఉరిశిక్ష ఎలా అమలయిందో చెప్పే వీడియో చూపిస్తారు. ఆ తర్వాత నేలమాళిగలో ఖైదు గదులు. పదేళ్లలోపు పిల్లల్ని తీసుకెళ్లొద్దు. ఫోటోలు నిషేధం, సోమవారం సెలవు. గదుల్లో ఫాసిస్టుల వాటా తక్కువ, కమ్యూనిస్టుల వాటా చాలా ఎక్కువ. సంగీతం, లైట్లు సినిమా సెట్టింగులా ఉంటాయి. చరిత్ర నేర్చుకోవడానికి కాదు, వణకడానికి బాగుంటుంది.

ఇక కొండ మీది రైలు. పేరు గ్యెర్మెక్‌వశూత్, అంటే పిల్లల రైలు. 1948లో మొదటి ముక్క, 1950కల్లా మొత్తం పూర్తి. కమ్యూనిస్టు బాలల దళానికి పనీ క్రమశిక్షణా నేర్పడానికి కట్టిన నారోగేజ్ లైను, 760 మిల్లీమీటర్లు. పాలన పోయింది, దళం పోయింది, రైలు నడుస్తూనే ఉంది. ఇప్పటికీ నడిపేది 10 నుంచి 14 ఏళ్ల పిల్లలే. ఇంజను మాత్రం పెద్దవాళ్ల చేతిలో ఉంటుంది. టిక్కెట్లు ఇవ్వడం, చెక్ చెయ్యడం, సిగ్నళ్లు, పాయింట్లు, బండికి పచ్చ ఊపడం అన్నీ పిల్లలవే. స్టేషన్ నుంచి బండి కదిలేటప్పుడు ఎర్రటోపీ పెట్టుకున్న పన్నెండేళ్ల స్టేషన్ మాస్టరు నిటారుగా నిలబడి సెల్యూట్ కొడతాడు. నవ్వడు. ఆ వయసులో మన పిల్లలు ఫోనుకోసం ఏడుస్తుంటారు కదా, వాళ్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. పార్కులో అలిగినవాళ్లు కూడా ఇక్కడ తేరుకుంటారు.

ఎలా ఎక్కాలంటే: సేల్ కాల్మాన్ చౌరస్తా నుంచి (2011 దాకా అది మాస్కో చౌరస్తా, ముసలివాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు) ట్రామ్‌లో రెండు స్టాపులు వెళ్లి, వారొష్‌మయోర్ దగ్గర కొండ ఎక్కే పళ్లచక్రాల (కాగ్‌వీల్) రైలు ఎక్కాలి. దాని నంబర్ 60, మామూలు టిక్కెట్టూ కార్డూ చెల్లుతాయి. పైన సేచెన్యి కొండ మీద పిల్లల రైలు మొదలవుతుంది. దీనికి ఆ టిక్కెట్టూ కార్డూ చెల్లవు, విడిగా కొనాలి. 11 కిలోమీటర్ల పైచిలుకు, ముప్పావుగంట ప్రయాణం. చివర్లో 198 మీటర్ల సొరంగం. దిగేది హ్యూవ్యోష్‌వ్యోల్జ్‌లో, అక్కడినుంచి ట్రామ్ నేరుగా మళ్లీ సేల్ కాల్మాన్‌కి చేరుస్తుంది. కొండ ఎక్కడానికి పళ్లచక్రాలు, దిగడానికి ట్రామ్: ఇలా వెళ్తే ఎక్కిన దారినే తిరిగి రావక్కర్లేదు. పళ్లచక్రాల రైలు మరమ్మతుల్లో ఉన్నరోజు మాత్రం ఈ లెక్క తలకిందులు, కాబట్టి ఉదయమే చూసుకోండి. సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా సోమవారాలు పిల్లల రైలు నడవదు. మధ్యలో యానోష్ కొండ స్టేషన్లో దిగితే పావుగంట ఎక్కుడు, పైన గోపురం మెట్లెక్కితే ఊరంతా కాళ్లకింద. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దిగకుండా కూర్చుంటే మంచిది. బండ్లు గంటకొకటి లెక్కన వస్తాయి, తర్వాతి బండిదాకా స్టేషన్లో చలిలో ఎదురుచూడాలి.

బస: పార్కు కోసం కెలెన్‌ఫ్యోల్డ్‌లో గది తీసుకుందామనుకోవద్దు, ఒక పూటకోసం ఎందుకు? సేల్ కాల్మాన్ చుట్టుపక్కల అయితే ట్రామ్, మెట్రో రెండూ గుమ్మం ముందే. కమ్యూనిస్టు కాలపు కాంక్రీటు పలకల అపార్టుమెంట్లలో గది తీసుకుంటే చవకే. వంటిల్లు ఇరుకు, లిఫ్టులో రెండు సూట్‌కేసులు పడితే మనిషి పట్టడు.

భోజనం విషయంలో శాకాహారులకి ఒక శుభవార్త. ఎత్కెజ్దె అని రాసున్న పాత క్యాంటీన్లలో ఫ్యోజెలేక్ అడగండి: కూరగాయనో పప్పునో ఉడికించి, పిండితో చిక్కబరిచిన ముద్ద. లెన్చె ఫ్యోజెలేక్ అంటే మసూరు జాతి పప్పు, బిర్యానీ ఆకు, ఆవపిండి ముద్ద వేసి పుల్లగా చేస్తారు. నాలుగు రోజులు బ్రెడ్డు నమిలినవాళ్లకి అది ఇంటి పప్పులాగే దిగుతుంది. రెండు జాగ్రత్తలు. పైన వేసే మాంసమో గుడ్డో విడిగా లెక్కగడతారు, అడక్కపోయినా వేసేస్తారు కాబట్టి "హూష్ నేల్క్యుల్" (మాంసం లేకుండా) అని ముందే చెప్పాలి. పిండిని పంది కొవ్వులో వేయించే చోట్లూ ఉన్నాయి, పట్టింపు ఉంటే "జీర్" వేశారా అని అడగాలి. ఇవి ఎక్కువగా పనిరోజుల్లో మధ్యాహ్నం పూటే తెరుస్తారు. కొండ దిగి మూడున్నరకి వెళ్తే కుర్చీలు బల్లలమీద బోర్లించి ఉంటాయి.